మడిచి కట్టిన గొట్టం

కర్నూలు పెద్దాసుపత్రి ఛాతీ వార్డులో రోగికి తోడుగా, డ్యూటీకి చేరినట్టే చేరాను. మే నెల. వరండా రేకుల కింద కుంపటి సెగ. సామాను: సంచి, దుప్పటి, మిలిటరీ నాటి మగ్గు.

ఆపరేషన్ అయినవాడు మిలిటరీలో మా మంచు పోస్టు వైర్‌లెస్ ఆపరేటరు. ఆలూరు మనిషి. చెడిపోయిన ఊపిరితిత్తి ముక్క కోసి తీశారు. పక్కటెముకల మధ్య నుంచి ఒక గొట్టం. దాని కొస మంచం కింద నీళ్ల సీసాలో. లోపల కోసిన చోట చిల్లు పూడలేదు. దగ్గితే సీసాలో బుడగలు. ఇన్నాళ్లు గాలి కారడం అరుదని పెద్ద డాక్టరు పక్క డాక్టరుతో ఇంగ్లీషులో అన్నాడు. మాకు మాత్రం ఒకటే ఆర్డరు: సీసా కదపొద్దు. ఎందుకో చెప్పలేదు. మా పోస్టులో సుబేదారు కొత్త సెంట్రీకి దేన్ని కాయాలో చెప్పాకే తుపాకి ఇచ్చేవాడు.

రాత్రి కాపలా నాది, పగలు వాడి తమ్ముడిది. తమ్ముడు డ్రిప్పు పైపులు పరిచి మిరప పండించే రైతు. ఆ బుడగలు చూస్తే వాడికి అన్న ప్రాణమే కారిపోతున్నట్టుండేది.

ఒక పొద్దున కాపలా అప్పగించి, టీ తాగి వచ్చాను. సీసాలో చప్పుడు లేదు. తమ్ముడి మొహం వెలుగుతోంది.

“గాలి నిలిచిపాయన్నా. పైపు కారితే మేం చేసేదే. మడిచి కట్టినా.”

మంచం మీది మనిషి మెడ, చెంపలు ఉబ్బాయి. కళ్లు పూడుకుపోయాయి. మెడ మీద వేలు పెడితే చర్మం కింద కరకరమంది. కొత్త మంచు మీద బూటు వేస్తే అదే చప్పుడు. ఆపరేటరు ముక్కుతో, సన్నగా అన్నాడు: “సిగ్నల్ పోతాండాది.”

నర్సును కేకేశాను. ఆమె దుప్పటి ఎత్తి, దారం తెంపి, మడత విప్పింది. సీసా కుతకుతలాడింది. గాలికి బయటికి దారి లేకపోతే లోపలే ఊపిరితిత్తిని నొక్కేస్తుందని, చర్మం కిందికి ఎక్కుతుందని అప్పుడు చెప్పింది.

డ్యూటీ డాక్టరు వచ్చి తమ్ముణ్ని గాడిద అన్నాడు. వార్డంతా వింది. నాకు ఒళ్లు మండింది.

“సార్, కాపలా పెట్టినోనికి దేనికి కాపలానో చెప్పినారా?”

“చెప్తే మీకు అర్థమవుతుందా?”

“నర్సమ్మ చెప్తే అర్థమాయ గదా. మీకు చెప్పేకి ఏం నొప్పి?”

డాక్టరు పక్క మంచానికి పోయాడు.

వాపు మెల్లగా దిగింది. చిల్లూ పూడింది. ఆలూరు బస్సులో ముగ్గురం తిరిగొచ్చాం. ఆపరేటరు కిటికీకి ఆనుకుని, దగ్గు లేకుండా నిద్రపోయాడు.

నాకు కళ్లు మూస్తే కనబడేది తమ్ముడు. వార్డు వదిలేదాకా ఆ సీసా ముందు గొంతుక్కూర్చుని, ఒక్కో బుడగనూ చూస్తూ, మళ్లీ గొట్టం ముట్టకుండా రెండు చేతులకూ టవలు చుట్టుకుని ఉన్నవాడు.