పది నాది, మిగతాది కిటికీది

ఆర్కిటెక్చర్ కాలేజీలో మూడో ఏడు చదువుతున్న ఆ అమ్మాయికి ఇంట్లో వాళ్లు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, హాజరు పిలిచేటప్పుడు తప్ప అది ఎవరికీ గుర్తొచ్చేది కాదు. అందరికీ ఆమె "టేపు". కారణం, ఎప్పుడు చూసినా భుజాన సంచిలో గుండ్రటి తోలు డబ్బా ఒకటి ఉండేది. దానికి ఇత్తడి పిడి, లోపల గుడ్డతో చేసిన పొడవాటి టేపు. మిగతా పిల్లలు అరచేతిలో ఇమిడే స్టీలు టేపులు తిప్పుతుంటే, ఈమె మాత్రం పిడి తిప్పుకుంటూ కరకరమని చుట్టుకునేది.

"కాఫీ గింజలు విసురుతున్నావా ఏమే?" అనేది పక్క బల్ల స్నేహితురాలు. ఆమెని జిగురు అనేవారు. మోడళ్లు అతికించీ అతికించీ ఆమె వేళ్లకి ఎప్పుడూ తెల్లటి పొర ఒకటి అంటుకునే ఉండేది.

ఆ గుడ్డ టేపు ఆమె నాన్నది. ఆయన ఇళ్లకి కర్టెన్లు వేసే పని చేసేవాడు. కొలవడం బిగించడం ఆయన, కుట్టడం అమ్మ. నిరుడు నాలుగు రోజుల జ్వరంతో ఆయన పోయాడు. అప్పట్నుంచీ అమ్మ కుట్టు మిషను మీద దుప్పటి కప్పేసింది. మాటలు కూడా ఆ దుప్పటి కిందే పెట్టేసినట్టు, అడిగినదానికి ఊ అంటే ఊ, ఆ అంటే ఆ. అమ్మాయి కూడా కొన్నాళ్లు కాలేజీ మానేసి ఇంట్లోనే కూర్చుంది. పాఠాలు వెనకపడ్డాయి. ఈసారి స్టూడియోలో, అంటే డిజైన్ క్లాసులో, గట్టెక్కకపోతే కింది తరగతి వాళ్లతో కలిసి మళ్లీ ఏడాది కూర్చోవాలి. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. అమ్మకి ఉన్న బరువు చాలనుకుంది.

ఆ ఏడు పరీక్ష లాంటిది ఒకటి పెట్టారు. ఎవరి ఇల్లు వాళ్లు గోడ గోడా కొలిచి, ఉన్నది ఉన్నట్టు గీసి తేవాలి. పెట్టినాయన్ని పిల్లలు మిల్లీమీటర్ సార్ అనేవారు. ఆయన జేబులో పెన్ను లేకపోవచ్చు గానీ స్కేలు లేకుండా ఉండదు.

ఇంటి బయటి పక్క కొలవడానికి కాలేజీలోని పెద్ద టేపు ఒక పూట అరువు తెచ్చుకుంది. గోడల మందం స్కేలుతో చూసుకుంది. గదులు మాత్రం నాన్న టేపుతోనే. రింగు ఉన్న కొస అమ్మ గోడకి ఆనించి పట్టుకునేది. డబ్బా పట్టుకుని ఈమె అవతలి గోడ దాకా నడిచి అంకె చదివేది. ముందు గది, మధ్య గది, వంటగది, మూడూ ఒకే వరసలో రైలు పెట్టెల్లా ఉండే మేడ మీది ఇల్లు. ఒక సాయంత్రంలో అయిపోయింది. అమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు.

గీయడం మొదలుపెట్టాక వచ్చింది తంటా. మూడు గదులూ, గోడలూ కలిపితే బయటి కొలతలో పట్టడం లేదు. దాదాపు అడుగు ఎక్కువొస్తోంది. మళ్లీ కూడింది. చెరిపింది. కాగితం చిరిగే దాకా చెరిపింది. ఇల్లు లోపల పెద్దది, బయట చిన్నది. చివరికి ఏం చేసిందంటే, గోడలకి పథ్యం పెట్టింది. తలా కాస్త సన్నం చేసేసరికి బొమ్మ చక్కగా ఇమిడిపోయింది. ఇంకుతో దిద్ది, పేరు రాసి, గొట్టంలో చుట్టుకుని వెళ్లింది.

మిల్లీమీటర్ సార్ జేబులోంచి స్కేలు తీసి బొమ్మలో ఒక గోడ మీద ఆనించారు.

"ఈ గోడ ఎంత మందమమ్మా?"

"పదిహేను సెంటీమీటర్లు సార్."

"కొలిచావా?"

"కొలిచినప్పుడు ఇరవై మూడు ఉంది సార్."

"మరి మిగతా ఎనిమిదీ ఏమయ్యాయి? చిక్కిపోయిందా? ఇంత సన్నటి గోడకి ఆనుకుంటే పక్కింటి వాళ్ల మంచం మీద పడతావు."

క్లాసు కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. జిగురు మెల్లగా, "లోపల అంత చోటుంటే మాకూ ఒక గది ఇవ్వవే," అంది.

సార్ నవ్వలేదు. "తప్పు కొలిస్తే దిద్దుకోవచ్చు. గోడని అడక్కుండా గోడని మార్చేశావు చూడు, అది తప్పు. సోమవారం పట్రా. అప్పటికీ లెక్క కుదరకపోతే కింది క్లాసులో నీకు కుర్చీ వేయిస్తాను."

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి సంచీ నేలకేసి కొట్టి, "అమ్మా, లే. మళ్లీ కొలవాలి," అంది.

"కొలిచాంగా."

"ఈ ఇంటికేదో అయిందమ్మా. గోడల్ని సన్నం చేసి గీస్తే సార్ పట్టేశారు. కుదరకపోతే నన్ను ఏడాది వెనక్కి తోసేస్తారు." దాచిన మాట కాస్తా నోరు జారిపోయింది.

అమ్మ చేతిలో గిన్నె పక్కన పెట్టి లేచింది. కొంగుకి చేతులు తుడుచుకుని, రింగు పట్టుకుని గోడ దగ్గర గొంతుక్కూర్చుంది. ఈమె అవతల గోడ దగ్గర అంకె చదివింది. మొన్న వచ్చిందే వచ్చింది. మధ్య గదిలోనూ అదే. నెత్తిన చెయ్యి పెట్టుకుని నేల మీద కూలబడింది.

అమ్మ రింగు వదలకుండానే అడిగింది. "పది తీసేశావా?"

"ఏ పది?"

"పది. నాన్న తీసేసేవాడే, ఆ పది."

అమ్మాయి పాక్కుంటూ వచ్చి అమ్మ చేతిలోని రింగు లాక్కుని చూసింది. టేపు కొస లోపలికి మడిచి, కర్టెన్లకి వాడే ముదురాకుపచ్చ దారంతో దట్టంగా కుట్టి ఉంది. ఆ మడత దాటాక కనపడే మొదటి సెంటీమీటరు అంకె పదకొండు. అంటే ఏది కొలిచినా పది ఎక్కువే చూపిస్తుంది.

"ఒకసారి సొరుగులో ఇరుక్కుని కొస నలిగి తెగిపోయిందే. పారేసి కొత్తది కొనుక్కోమన్నాను. వింటేనా మీ నాన్న! నువ్వు కుట్టు, లెక్క నేను చూసుకుంటా అన్నాడు. రింగు నేనే కుట్టాను."

"మరి మొన్న నోరు తెరిచి చెప్పొచ్చుగా!"

"నీకు తెలీదని నాకేం తెలుసు? ఇంత చదువుతున్నావు, పుట్టినప్పట్నుంచీ ఆయన వెనకాలే తిరిగావు. రోజూ అంటూనే ఉండేవాడు కదే."

అప్పుడు గుర్తొచ్చింది. నాన్న స్టూలెక్కి కిటికీ కొలిచి, కిందకి దిగుతూ ప్రతిసారీ గొణిగేవాడు: పది నాది, మిగతాది కిటికీది. చిన్నప్పుడు అదేదో ఆయన సరదా పాట అనుకుంది. పెద్దయ్యాక, కిటికీ దగ్గర కూడా కమీషను అడుగుతున్నాడని వెక్కిరించింది.

"అయితే మన ఇంట్లో గదికి పది చొప్పున నాన్న ఉన్నాడన్నమాట," అంది.

అమ్మ పెదవి వణికింది. ఏడుస్తుందేమో అనుకునేలోపే నవ్వు వచ్చేసింది. ముందు ముక్కుతో, తర్వాత భుజాలతో, ఆఖరికి గోడకి చేరగిలబడి మరీ. "గోడల్ని సన్నం చేశావా! ఒసేయ్, నా గోడల్నా!" ఏడాదిగా ఆ ఇంట్లో అంత చప్పుడు కాలేదు.

నాన్న టేపుతో తీసిన ప్రతి అంకెలోంచీ పది తీసేసి మళ్లీ కూడితే, గదులూ గోడలూ బయటి కొలతలో అతికినట్టు కూర్చున్నాయి. శని, ఆదివారాలు కొత్త కాగితం మీద మొదటి గీత నుంచీ గీసింది. అమ్మ పక్కనే కూర్చుని, "వంటగది కిటికీ అంత కిందకి లేదే," అంటూ వేలు పెట్టబోయి, తడి ఇంకు మీద పెట్టి, తిట్లు తిని, మళ్లీ అక్కడే కూర్చుంది.

సోమవారం మిల్లీమీటర్ సార్ స్కేలు ఆనించి ఒక కొస నుంచి ఇంకో కొస దాకా కూడుకుంటూ వెళ్లారు. "ఊఁ. గోడలు ఒళ్లు చేశాయి," అన్నారు. ఆయన మెచ్చుకోవడం అంటే అంతే. అసలేం జరిగిందో విని, టేపు అడిగి తీసుకుని, ఆకుపచ్చ కుట్టుని వేలితో నిమిరారు.

"ఇంక దీన్ని వాడకు. అబద్ధం చెప్పే టేపు."

"రోజుకొకటి చెప్పదు సార్. ఎప్పుడూ అదే అబద్ధం చెబుతుంది."

సార్ ఆమె ముఖం వంక చూసి, టేపు తిరిగి ఇచ్చేసి, తరవాతి బల్ల దగ్గరికి నడిచారు.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలోనే అమ్మ. "ఏమన్నారే?"

"పాసు. కానీ కొత్త టేపు కొనుక్కోవాలట."

"కొనుక్కో. అది ఇలా ఇవ్వు. కింది వాటాలో ఆవిడ ఎప్పట్నుంచో కర్టెన్లు కుట్టమని అడుగుతోంది."

మిషను మీద దుప్పటి లేదు. మడతపెట్టి కుర్చీలో ఉంది. చెప్పులు కూడా విప్పకుండా అమ్మాయి అమ్మ వెంట కిందకి దిగింది. రింగు తను పట్టుకుంది. అమ్మ స్టూలెక్కి, కళ్లు చికిలించి, అంకె చూసింది. దిగుతూ గొణిగింది.

"పది ఆయనది. మిగతాది కిటికీది."

"ఏంటండీ అదీ?" అంది కింది వాటా ఆవిడ.

"లెక్కండీ," అంది అమ్మ. "రాసుకోవే."