చూరు కింద కప్పు

మిష్రిఫ్‌లో మేం పనిచేసే అరబ్బు ఇంటి మామాకి, అంటే యజమానురాలికి, ఇంగ్లీషు కప్పుల పిచ్చి. తెల్ల పింగాణీ మీద నీలం పూలు, మధ్యలో పొడుగు తోక పిట్ట. ఆ రకం చేయడం కంపెనీ ఎప్పుడో మానేసిందట. ఇక పాతవి ఎక్కడ దొరికితే అక్కడ ఏరుకోవాల్సిందే. శుక్రవారం వస్తే నేను బండి తీయాలి, మద్దమ్మ వెంట రావాలి. పాత సామాన్ల సంతలో దుమ్ములో కూర్చుని ప్రతి కప్పూ తిరగేసి అడుగున ముద్ర వెతకాలి. ఆ ఎండకి నాకు ఒళ్లు మండేది. మద్దమ్మకు మాత్రం అదే పండగ.

మద్దమ్మది రాయచోటి దగ్గర మా పక్క ఊరు. మామా ఇంట్లో వంట ఆమెదే. అంచు పెచ్చు లేచిందనో, జత కలవలేదనో మామా పక్కన పడేసినవి అడిగి తీసుకుని పెట్టెలో దాచుకునేది. ఏళ్ల తరబడి దాచగా దాచగా, మచ్చ లేని కప్పూ సాసరూ ఒక జత కుదిరింది.

"మా యమ్మ దీంట్లో టీ తాగల్ల గంగులన్నా. పెద్దోళ్లు తాగే కప్పు గదా" అనేది నాతో. తల్లి తిరుపాలమ్మ బతుకంతా పరాయి చేలల్లో కూలి చేసింది. ఆమె ఒక్కసారైనా దొరసానిలా కూర్చుని టీ తాగాలి. మద్దమ్మకు ఇంకో కోరిక లేదు.

మొన్న సెలవుకి ఊరికి పోతూ ఆ జతను నేనే పట్టుకెళ్లాను, దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని. తిరుపాలమ్మ కప్పును అటూ ఇటూ తిప్పి చూసింది. కోడలు అందులో టీ పోసిస్తే, లేచి గడప దాటి, బయట నేల మీద గొంతుక్కూర్చుని తాగింది. తానే కడిగి చూరు కింద గోడ మీద బోర్లించింది.

మా ఊళ్లలో పెద్దిళ్ల చూరు కింద కూలోళ్లకని వేరేగా ఒక పింగాణీ కప్పు ఉండేది. ఇంట్లోవాళ్లు దాన్ని ముట్టుకోరు. తాగినవాళ్లే కడిగి బోర్లించి పోవాలి. తిరుపాలమ్మకు తెలిసిన పింగాణీ కప్పు అదొక్కటే.

అంతలో మద్దమ్మ నాకు వీడియో కాల్ చేస్తే, ఫోను తల్లి ముందు పట్టాను. "కప్పు యాడుందిమా?"

"చూరు కింద పెట్నా మే. దాని జాగా ఆడే గదా."

మద్దమ్మ ముఖం చూడలేకపోయాను. "అది ఆ కప్పు కాదుమా, ఆ కప్పు కాదు" అంటూ ఏడ్చింది. ముసలామె కంగారు పడింది.

"ఏడవొద్దు మే. నీకు గూడా ఆడ దీంట్లోనే పోస్తారా?"

మద్దమ్మ కళ్లు తుడుచుకుంది. "ఔమా. దీంట్లోనే" అంది.

"అట్లనా" అని తిరుపాలమ్మ లేచి, కప్పు తీసి కొంగుతో తుడుచుకుంటూ ఇంట్లోకి తీసుకుపోయింది.

మామా ఇంట్లో మద్దమ్మకీ నాకూ చెరో స్టీలు గ్లాసు ఉంది. తాగాక కడిగి, వంటింటి వెనక కొళాయి గట్టు మీద బోర్లిస్తాం.