ఫోనులో దగ్గిన టాక్సీ

పాకాలలో కోదండం మేస్త్రి దగ్గరికి బండి తీసుకెళ్ళేవాళ్ళు దారిలోనే గొంతు సవరించుకునేవాళ్ళు. చెడిన బండి ఎలా అరుస్తోందో దాన్ని తోలేవాడు నోటితో అరిచి చూపించనిదే ఆయన స్పానరు ముట్టుకునేవాడు కాదు. "గోడ తట్టు తిరుక్కో. కండ్లు మూసుకో. ఊఁ, కానీ!" అనేవాడు.

ఎంతటివాడికీ మినహాయింపు లేదు. రైసుమిల్లు మునిరామయ్య పట్టుపంచెతో గోడవైపు తిరిగి, "డుబ్ డుబ్ డుబ్, కీచ్" అన్నాడు. పశువుల డాక్టరు తన మోటారు సైకిలును అరిచి చూపిస్తే, "ఇది మీకాడికొచ్చే బర్రెగొడ్డు మాదిరి ఉండాది సార్. మళ్ళా అరవండి" అన్నాడు మేస్త్రి. ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో జనం ఇడ్లీలు అయిపోయినా బెంచీ దిగేవాళ్ళు కాదు.

అందరికంటే ఎక్కువ నలిగిపోయినవాడు టాక్సీ గోవిందస్వామి. ఇస్త్రీ ఖాకీ చొక్కా, మెలితిప్పిన మీసం. అంత మనిషీ గోడకేదో రహస్యం చెబుతున్నట్టు "టుక్... టుక్..." అనేవాడు.

"టాక్సీనా, దోమనా అబ్బా? గెట్టిగా!"

"మర్యాదస్తుణ్ణి మేస్త్రీ. ఇంతకంటే రాదు."

ఆరేళ్ళయినా ఆ గొంతు పెరగలేదు.

డెబ్బై ఎనిమిదిలో ఒక ఉదయం గోవిందస్వామి తన వీధిలోనే ఉండే నిర్మలమ్మను ఎక్కించుకుని చిత్తూరుకు బయలుదేరాడు. పదకొండింటికి ఆమెకు టీచరు ఉద్యోగం ఇంటర్వ్యూ. ఇది మూడోసారి. ఈ ఏడాది దాటితే ఉద్యోగానికి వయసు మించిపోతుంది. పూతలపట్టు దగ్గరికొచ్చేసరికి టాక్సీ కుంటడం మొదలుపెట్టింది. చదునులో ఈడ్చుకుంటూ, చిన్న మిట్ట కనబడితే ఆగిపోతూ, చివరికి ఇంజను కుంటుతూ తిరుగుతున్నా ఇక కదలనని పోస్టాఫీసు ముందు చతికిలబడింది. టైము తొమ్మిదిన్నర. బస్సు అప్పుడే వెళ్ళిపోయిందట. దగ్గర్లో మెకానిక్కూ లేడట.

"అన్నా, నా ఇంటర్వ్యూ!" అంది నిర్మలమ్మ.

గోవిందస్వామి పోస్టాఫీసులోకి పరిగెత్తి, కోదండం షెడ్డు పక్కనే ఉన్న రైసుమిల్లుకు అర్జెంటు కాల్ బుక్ చేశాడు. పావుగంటకు మేస్త్రి లైనులోకొచ్చాడు.

"మేస్త్రీ, బండి నిలిసిపోయినాది."

"ఎట్ల అరస్తా ఉండాది?"

"ఫోన్లో యాడ అరిసేది? ఈడ జనం ఉండారు!"

"అట్లయితే ఇంజన్నే మోసుకొచ్చి ఫోను కాడ పెట్టు."

గోవిందస్వామి వెనక్కి చూశాడు. పోస్టుమాస్టరు, కార్డులకొచ్చిన నలుగురు మనుషులు, సర్టిఫికెట్ల సంచిని గుండెకు హత్తుకున్న నిర్మలమ్మ. ఆయన గోడవైపు తిరిగాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆరేళ్ళ మర్యాదనంతా ఒక్క ఊపిరిలో వదిలేశాడు.

"టక్ టక్ ఫుస్ టక్! టక్ టక్ ఫుస్ టక్!"

పోస్టుమాస్టరు కొడుతున్న ముద్ర కార్డు తప్పి బల్లమీద పడింది. ఎక్స్ఛేంజి ఆపరేటరమ్మ మధ్యలో దూరింది. "హలో, లైనేదో సెడిపోయినట్టుండాది!"

"లైను కాదు తల్లీ, టాక్సీ!" అని అరిచాడు కోదండం. "శబాసప్పా! నాలుగు దెబ్బల్లో ఒకటి తప్పతా ఉండాది. పెట్రోలు అందకపోతే నాలుగూ ఏడస్తాయి. ఇది ఒక్క ప్లగ్గు సచ్చింది. ఇంజను తిరగతా ఉండంగా పొడిగుడ్డ పట్టుకొని ఒక్కో ప్లగ్గు వైరు పీకి మళ్ళీ పెట్టు. పీకితే ఇంజను ఇంకా కుంటిందా, ఆ ప్లగ్గు మంచిది. పీకినా ఏం తేడా రాలేదా, దొంగ అదే."

"దొంగ దొరికినా కొత్త ప్లగ్గు ఈడ యాడ తెచ్చేది?"

అవతల కోదండం గొంతు మొదటిసారిగా దోమంతయింది.

"నీ సీటు ఎత్తి సూడు" అని ఫోను పెట్టేశాడు.

గోవిందస్వామి బానెట్టు ఎత్తి మొదటి వైరు పీకితే ఇంజను గిలగిల్లాడింది. రెండోదానికీ అంతే. మూడోది పీకితే చీమ కుట్టినట్టయినా లేదు. ఇంజను ఆపి వంగి చూస్తే, ఆ ప్లగ్గు తెల్ల పింగాణీ మీద వెంట్రుకంత చీలిక. సీటు ఎత్తితే నూనెగుడ్డలో మూట. అందులో ఒక ప్లగ్గు, పాతదే, ఉప్పుకాగితంతో రుద్ది తళతళలాడుతోంది. పక్కన ప్లగ్గు విప్పి బిగించే స్పానరు. మూటకు గుచ్చిన చీటీలో 'సామి టాక్సీకి' అని కోదండం గిలికిన రాత.

తను గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని టుక్ టుక్ మంటున్నప్పుడు మేస్త్రి చేతులు ఎక్కడుండేవో గోవిందస్వామికి అప్పుడు అర్థమైంది. చేతికిస్తే "ఊరికే వద్దు మేస్త్రీ" అని తిప్పి ఇచ్చే మర్యాదస్తుడు కదా మరి తను!

ప్లగ్గు బిగిసింది. ఇంజను నాలుగు గొంతులతోనూ పాడింది. పోస్టుమాస్టరు బయటికొచ్చి చప్పట్లు కొట్టాడు. టాక్సీ దారి పొడవునా హారను మోగిస్తూ పదకొండుకు పది నిమిషాలుండగా చిత్తూరులో ఆగింది. నెల తిరక్కుండా నిర్మలమ్మకు ఉద్యోగం ఆర్డరు వచ్చింది.

ఆర్డరు వచ్చిన వారంలోనే గోవిందస్వామి షెడ్డుకు వెళ్ళాడు.

"ఏమబ్బా, బండి బాగనే ఉండాదే?"

"లేదు మేస్త్రీ, యాడనో ఒక శబ్దం" అంటూ, ఎవరూ చెప్పకుండానే గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు.

వెనక టాక్సీలో తన సీటు స్ప్రింగు కిర్రుమంది. అది తన చెవిన పడలేదని మేస్త్రి నమ్మాలి కదా! గోవిందస్వామి కాఫీ హోటల్లో గ్లాసులు అదిరేటట్టు గొంతెత్తాడు.

"టక్ టక్ ఫుస్ టక్!"