ఆకుపచ్చ చుక్క

నా చిన్నతనంలో ఒక ఆదివారం, ఉదయం పది గంటల పది నిమిషాలకు, నాన్న మా పాత టీవీ మీద కప్పిన గుడ్డ తీసి మడతపెట్టాడు. పంజాగుట్టలో మాది రెండు గదుల ఇల్లు. బాబాయి అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులో చేరాడు. టీవీ ఉన్న మూలలో కంప్యూటర్ పెట్టాలి. చెక్క తలుపుల ఆ వాల్వుల టీవీ పలికి ఏళ్లయింది. పాత సామాన్ల బండికి వేసేద్దామన్నాడు నాన్న.

మా తాతయ్య ఒప్పుకోలేదు. నేను పుట్టకముందే పోయిన నానమ్మ, సనత్‌నగర్‌లో టీవీల ఫ్యాక్టరీలో వైర్లకు టంకం పెట్టేది. ఇది ఆవిడ చేతి పనేనని ఆయన నమ్మకం.

"అక్కడి టీవీలన్నీ ముందువైపు నుంచి చూస్తే ఒక్కలాగే ఉంటాయి నాన్నా. అమ్మ చేసిందని తేలితే ఉంచుదాం," అన్నాడు నాన్న.

తాతయ్య వెంటనే వెళ్లి, మైత్రీవనం వెనక రిపేరు దుకాణం నడిపే చాచాని పిలుచుకొచ్చాడు. చాచా ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీలోనే పనిచేశాడు. మొదట్లో టీవీ అంతా బల్బుల్లాంటి గాజు వాల్వులతోనే చేసేవారట. తర్వాత శబ్దం వచ్చే భాగంలో వాల్వు మానేసి ట్రాన్సిస్టర్లు పెట్టారు. నానమ్మ చేరింది ఆ తర్వాతే. అంటే శబ్దం దగ్గర వాల్వు ఉంటే ఈ టీవీ ఆవిడది కాదు.

చాచా వెనక మూత విప్పి, ఏదీ ముట్టుకోకుండా చేతులు కట్టుకుని చూడమన్నాడు నన్ను. శబ్దం వచ్చే భాగమని ఆయన చూపించిన చోట, లోపలి రేకు చట్రంలో గుండ్రటి రంధ్రం కనబడింది. వాల్వు కూర్చునే రంధ్రమది. పాత రకమేనని గట్టిగా చెప్పేశాను. తాతయ్య కుర్చీలో కూలబడ్డాడు. నాన్న మూల కొలవడానికి టేపు తీశాడు.

"జర ఆగు బేటీ. రంధ్రం చూసినవ్. దాంట్ల ఏమున్నదో చూసినవా?" అన్నాడు చాచా.

టార్చి వేశాడు. వాల్వు లేదు. రంధ్రాన్ని అవతలి వైపు నుంచి చిన్న రేకు ముక్కతో మూసి, పక్కన ట్రాన్సిస్టర్లు బిగించారు. చాచా మాట వేగం పెరిగింది. మిగిలిపోయిన పాత చట్రాలను పారేయలేక, ఇలా మూసి కొన్ని వారాలు వాడారట. ఆ పని ఒక్క బల్ల మీదే జరిగింది, నానమ్మ కూర్చున్న బల్ల. టంకం సరిచూసుకున్నాక ఆ బల్ల వాళ్లు ఆకుపచ్చ రంగు చుక్క పెట్టేవారట. దుమ్ము ఊదుతూ వెతికాను. ఒకటి, రెండు, ఏడు. వరసగా చుక్కలు. గదిలో గంతులేశాను.

"అయితే మా ఆవిడదేనా భాయ్?" అన్నాడు తాతయ్య.

చాచా టార్చి ఆపాడు. "ఆ బల్ల కాడ నలుగురు కూసుంటుండిరి సాబ్. భాభీ బల్లదని చెప్త. భాభీనే చేసిందని నేను చెప్పలేను."

తాతయ్య నవ్వాడు. "నాలుగో వంతు చాలు నాకు."

నాన్న టేపు చుట్టేశాడు. కంప్యూటర్ నాన్న మంచం పక్కకు వచ్చింది.

ఇప్పుడు తాతయ్య లేడు, చాచా లేడు. టీవీ నా దగ్గరుంది. ఏదైనా తేల్చి చెప్పాల్సి వస్తే, మూసిన ఆ రంధ్రం గుర్తొస్తుంది. చూసినంతవరకే చెబుతాను.

ఈ రోజుల్లో టీవీ చెడిపోతే ఎవరూ మూత విప్పి చూడటం లేదు, కొత్తది కొంటున్నారు.