పసుపు జెండా మాస్టారు

మొన్న మంగళవారం పొద్దున మధురవాడలో ఒక బ్యాంకు ఉద్యోగినిని స్కూటీ మీద కూర్చోబెట్టి, బ్రేకు ఎప్పుడు పట్టాలో చెబుతున్నాను. ఆడవాళ్ళకు బండి నేర్పడం నా వృత్తి. ఫోన్ రెండుసార్లు మోగినా తీయలేదు. మూడోసారి తీశాను. అవతల జాలరిపేట నేస్తం. ఒకప్పుడు నాతోపాటు బైకు రేసుల్లో తిరిగినవాడు, ఇప్పటికీ తిరుగుతున్నవాడు.

"మాస్టారు ఎల్పోయారే," అన్నాడు. "టీ తాగి కుర్సీలో కూకున్నారంట. అంతే."

ఆవిణ్ణి బండి స్టాండు వేసి దిగమన్నాను. ఎందుకని అడిగితే, "మా మాస్టారు పోయారండీ," అన్నాను. ఏ స్కూల్లో చెప్పేవారని ఆవిడ అడిగింది. ఏమని చెప్పను? ఆయన ఏ స్కూల్లోనూ చెప్పలేదు.

మాస్టారు స్టీల్ ప్లాంట్‌లో భద్రతా విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. గాజువాకలో ఇల్లు. ఆదివారం మొదటి ఆరాధనకు చర్చికి వెళ్ళి, అదే తెల్ల చొక్కాతో పెందుర్తి దాటాక ఉన్న మా ఎర్రమట్టి మైదానానికి వచ్చేవారు. అక్కడ బైకు రేసులు. గుండ్రంగా మట్టి దారి, అయిదు మలుపులు, మధ్యలో ఒక మిట్ట. బళ్ళను తనిఖీ చేసి పంపేదీ, జెండాలు పట్టేవాళ్ళకు పని నేర్పేదీ, తప్పు చేసినవాణ్ణి బయటికి లాగేదీ ఆయనే. సాయంత్రానికి ఆ తెల్ల చొక్కా ఇటుక రంగుకు వచ్చేది. ఇంట్లో వాళ్ళావిడ, మా అమ్మగారు, వారం వారం తిట్టేవారు. ఆయన వారం వారం అదే చొక్కా వేసుకొచ్చేవారు.

ఆయన రాకముందు అక్కడ రేసంటే ఏమిటో మా సీనియర్లు చెప్పేవారు. చెప్పులతో ఎక్కేవాళ్ళు, హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకుని తోలేవాళ్ళు, పక్కవాడి హ్యాండిల్‌ను కాలితో తన్నేవాళ్ళు. తన్నినవాడికే ఎక్కువ చప్పట్లు. మాస్టారు వచ్చి మొదటి ఆదివారమే సగం మందిని గేటు దగ్గర ఆపేశారట. పెద్ద గోల. "ఇనుము కరిగించే కాడ నాను టోపీ లేకుండా ఒక్కణ్ణీ లోనికి ఒగ్గలేదు. ఇక్కడ ఒగ్గుతాననుకున్నారేటి?" అన్నారట. రెండో ఆదివారం సగం మందితోనే రేసు నడిచింది. మూడో ఆదివారానికి అందరూ హెల్మెట్లు కొనుక్కొచ్చారు.

పోర్టులో లారీలకు అరిగిపోయిన టైర్లు అడిగి తెచ్చి, మలుపుల్లో గోడలా పేర్చి, తనే ఎరుపూ తెలుపూ రంగులు వేశారు. మా నాన్న పోర్టు లారీ డ్రైవరు. ఆ టైర్లలో చాలావరకు ఆయన తోలిన బళ్ళవే. నాకు మాస్టారి పరిచయం అలా, ఒక లారీ టైరు మీద కూర్చుని జరిగింది.

తనిఖీ అంటే ఆయనదే తనిఖీ. హెల్మెట్ పట్టీ కింద రెండు వేళ్ళు పెట్టి లాగేవారు. వదులుగా ఉంటే వేలితో గేటు చూపించేవారు. పడిపోతే ఇంజను దానంతటదే ఆగేందుకు మణికట్టుకు ఒక తాడు కడతాం. దాన్ని ప్రతివాడికీ తనే గుంజి చూసేవారు. మావాళ్ళు దిష్టి తగలకుండా హ్యాండిల్‌కు నిమ్మకాయలు కట్టుకునేవాళ్ళు. ఒకసారి ఒకడు దండ మొత్తం ముందు బ్రేకు తీగ మీద కట్టాడు. బ్రేకు సగమే పడుతోంది. మాస్టారు దండ విప్పి వాడి చేతిలో పెట్టి, "మీ దేముడు కట్టుకోమన్నాడు, సరే. బ్రేకు మీద కట్టమన్నాడేటి?" అని, ఆ దండను తీసుకెళ్ళి వెనక నంబరు పలకకు తానే కట్టిచ్చారు. ఆయన క్రైస్తవుడు, ముడి మాత్రం చక్కగా వేశారు.

బీచ్ రోడ్డులో విన్యాసాలు చేసి పోలీసులకు దొరికినవాడికి ఆ ఏడాది మైదానంలో చోటు లేదు. అది ఆయన పెట్టిన నియమమే. "నీకంత సరదా ఉంటే ఇక్కడికి రా. ఇక్కడ టైర్లున్నాయి, డాక్టరున్నాడు, జెండా ఉంది. అక్కడ ఐస్‌క్రీమ్ కొనుక్కోడానికి ఒచ్చిన పిల్లలున్నారు," అనేవారు. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు పెరిగేది. మిగతా ఏ మాటకూ పెరగదు.

ఇంకో నియమం ఉంది. దాన్ని ఎక్కడా రాయలేదు, బయట ఎవరికి చెప్పినా నవ్వుతారు. ప్రమాదకరంగా తోలి పట్టుబడినవాడు తర్వాతి రేసుల రోజున బండి ఎక్కకూడదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మూడో మలుపులో జెండా పట్టుకుని నిలబడాలి. అది అయ్యాకే మళ్ళీ బండి. మా కుర్రాళ్ళకు పరువు పోయే శిక్ష అది. జనమంతా చూస్తుంటే ఎండలో నిలబడాలి. జరిమానా కట్టేసి పోతామని బతిమాలేవాళ్ళు. ఆయన వినేవారు కాదు.

ఆ మలుపులో నేనూ నిలబడ్డాను. ఈ నాలుగు మాటలు రాయడానికి అసలు కారణం అదే.

నాకప్పుడు ఇరవై ఒకటి. మైదానంలో ఏకైక ఆడపిల్లని, నోరు కాస్త పెద్దది. ఆ రోజు తమిళనాడు నుంచి ఒక రేసు జట్టు వాళ్ళు వచ్చారు. ఆఖరి రేసు గెలిచినవాళ్ళకు జట్టులో చోటు. బండి వాళ్ళది, శిక్షణ వాళ్ళది, దేశమంతా తిరగొచ్చు. మా నాన్న లారీకి సెలవు పెట్టి వచ్చి కూర్చున్నాడు. నేను రెండో స్థానంలో ఉన్నాను. ఇంకా రెండు చుట్లున్నాయి. మిట్ట దాటగానే మూడో మలుపులో, మాకంటే ఒక చుట్టు వెనకబడిన జాలరిపేట నేస్తం పడిపోయాడు. కాలు బండి కింద. దుమ్ము. జెండా పట్టుకున్నాయన పసుపు జెండా ఊపుతున్నాడు. పసుపంటే, ముందు ఎవరో పడ్డారు, వేగం తగ్గించండి, ఎవరూ ఎవరినీ దాటకండి అని. నా ముందున్నవాడు తగ్గించాడు. నేను తగ్గించలేదు. లోపలి వైపు సందు దొరికింది, దూరిపోయాను. మొదటి స్థానానికి వచ్చేశాను.

తర్వాతి చుట్టులో మాస్టారు ముగింపు గీత దగ్గరకు నడుచుకుంటూ వచ్చి నల్ల జెండా ఎత్తి, నా నంబరు చూపించారు. నల్ల జెండా అంటే రేసు అయిపోయినట్టే. బండి ఆపి హెల్మెట్ విసిరేశాను.

మా నాన్నది గోదావరి జిల్లా. పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నాడు. "మాస్టారండీ, ఈ ఒక్కసారికీ వదిలెయ్యండి. పిల్ల జీవితమండి, ఆయ్."

"నీ పిల్ల జీవితం సరే. కింద పడ్డోడూ ఒకమ్మకి పిల్లోడే కదేటి," అన్నారు మాస్టారు. తర్వాత నా వైపు తిరిగారు. "పాపా, జెండా కనపడ్డాదా?"

"దుమ్ము మాస్టారూ. కనపళ్ళేదు," అన్నాను.

కనపడింది. అరచేయంత దూరంలో ఉన్నట్టు కనపడింది. ఇన్నేళ్ళూ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఆయనకు తెలుసు. తెలుసని నాకూ తెలుసు.

ఆయన నన్ను మూడో మలుపుకు తీసుకెళ్ళారు. నేస్తాన్ని అప్పటికే డాక్టరు దగ్గరకు మోసుకెళ్ళారు. కాలు నలిగింది గానీ విరగలేదు. మట్టిలో వాడి హెల్మెట్ పడిన గుంట ఉంది. దాని పక్కన నా టైరు గీత ఉంది. "కొలు," అన్నారు. దేనితో అన్నాను. "సెయ్యి ఉంది కదా." మోకాళ్ళ మీద కూర్చుని కొలిచాను. జానా నాలుగు వేళ్ళు. ఇంకోసారి కొలవమన్నారు. అంతే వచ్చింది. ఆయన వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది, కానీ నిజం చెప్పాలంటే అది పశ్చాత్తాపం కాదు, జట్టు పోయిందని ఏడుపు.

వానలకు రేసులు ఆగి, నెల తర్వాత ఆ మలుపులో నిలబడ్డాను. ముఖం మాడ్చుకుని, పళ్ళు నూరుతూ. మాస్టారు నా హెల్మెట్ పట్టీ గుంజి చూసి, జెండా చేతికిచ్చి, "రేసు సూడకు. మట్టి సూడు," అని చెప్పి పోయారు. నేస్తం అప్పటికే మళ్ళీ బండెక్కాడు. సిగ్గులేనివాడు. నా ముందు నుంచి పోతూ కన్ను కొట్టాడు.

బండి మీద ఉన్నంతకాలం నేనెప్పుడూ చూడనిది అక్కడ చూశాను. మిట్ట అవతల వస్తున్నవాడికి మలుపు అసలు కనపడదు. వాడికి కనపడేది జెండా ఒక్కటే. అనకాపల్లి కుర్రాడొకడు మలుపులో జారి దారికి అడ్డంగా పడ్డాడు. లేవడానికి చూస్తున్నాడు, కాలు నిలవడం లేదు. మిట్ట అవతల ఇంజన్ల మోత దగ్గరకొస్తోంది. ఆ క్షణంలో వాడికీ చావుకీ మధ్య ఉన్నది నా చేతిలోని గుడ్డ ముక్క. వచ్చేవాళ్ళు దాన్ని లెక్కచేస్తారో లేదో నా చేతుల్లో లేదు. నాలాంటివాడు ఒక్కడు వస్తే చాలు. జెండా ఊపుతూ అరిచాను. ఏమని అరిచానో తెలీదు.

ముందు వచ్చినవాడు తగ్గించాడు. వాడి వెనక జాలరిపేట నేస్తం. లోపలి వైపు సందుంది. నెల క్రితం నేను దూరిన సందే. వాడు నా జెండా వైపు చూశాడు, చెయ్యి ఎత్తాడు, ముందువాడి వెనకే మెల్లగా వెళ్ళాడు. రేసులో రెండో స్థానంలోనే ఆగిపోయాడు.

తర్వాత నీళ్ళు తాగుతూ వాడే అన్నాడు: "గేపు సూసినావా? ఆర్టీసీ బస్సు ఎల్పోద్ది. నీ పసుపు గుడ్డ సూసి ఆగాను. నువ్వు నా సెవి పక్కన ఎల్లినప్పటి సౌండు ఇంకా ఇనపడతందే తల్లీ." నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. వాడి కాళ్ళ మీద పడబోతే, "ఓలమ్మో, జనం సూత్తన్నారు, లెగు," అని పారిపోయాడు.

సాయంత్రం జెండా తిరిగిచ్చేటప్పుడు మాస్టారు అడిగారు, ఎంతసేపటికి ఎత్తావని. తెలీదన్నాను.

"నాను సూసినాను. దుమ్ము లెగకముందే ఎత్తినావు."

ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. తర్వాత ఎన్ని రేసులు గెలిచినా, "బాగుంది, సెయిన్ వదులైనాది సూసుకో," తప్ప ఇంకో మాట లేదు.

ఆ జట్టులో చోటు మళ్ళీ రాలేదు. అబద్ధం ఎందుకు, ఇప్పటికీ అప్పుడప్పుడూ మనసు మూలుగుతుంది. కానీ ఆరేళ్ళు తోలాను, మా ఊరి కుర్రాళ్ళతో పై రాష్ట్రాలకు వెళ్ళాను. ఒకసారి అక్కడి తనిఖీ వరసలో మా వంతు రాగానే అధికారి కాగితం చూసి, "వైజాగా? మాస్టారి పిల్లలా? వెళ్ళండి," అని బళ్ళు చూడకుండానే పంపేశాడు. మా ఛాతీలు ఎంత పొంగాయో! తిరిగొచ్చి గొప్పగా చెప్పాం. మాస్టారికి ఎంత కోపం వచ్చిందంటే, అప్పటికప్పుడు ఆ అధికారికి ఫోన్ చేశారు. "మా పిల్లల్ని సూడకుండా ఎలా ఒగ్గేసినారండీ? ఆళ్ళు దేవదూతలేటి?" అవతలాయన క్షమించమన్నాడట. మళ్ళీ ఏడాది మా బళ్ళను అందరికంటే ఎక్కువసేపు చూశారు. ఒక్కదానిలోనూ తప్పు దొరకలేదు.

"ఎవులు ముందొచ్చారో మీరు సూసుకోండి. అందరూ ఒచ్చారా లేదా నాను సూసుకుంటాను," అనేవారు. చివరివాడు వచ్చేదాకా గీత దగ్గర నుంచి కదిలేవారు కాదు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ మైదానంలో చేతులూ కాళ్ళూ విరిగాయి, ప్రాణం మాత్రం పోలేదు. మా ఊరికి ఓడరేవు ఉంది, ఉక్కు ఉంది అని అందరూ చెబుతారు. మా మాస్టారు ఉండేవారని నేను చెబుతాను.

బుధవారం గాజువాక నుంచి సమాధుల తోట దాకా బండ్లతో వెళ్ళాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే మాస్టారి శవపేటిక ఉన్న వ్యాను వెనక ఒక్కొక్క బండి చొప్పున వరస కట్టారు. వెనక్కి తిరిగి చూస్తే వరస చివర కనపడలేదు. అందరి తలల మీదా హెల్మెట్లు. వ్యాను వెనక నేను, నా వెనక నేస్తం, ఆ వెనక ఒకప్పుడు చెప్పులతో తోలిన సీనియర్లు, నిన్న గాక మొన్న చేరిన కుర్రాళ్ళు. పక్కవాణ్ణి ఒక్క అడుగు ముందుకు పోనివ్వని మనుషులు వీళ్ళంతా.

హైవే ఎక్కాక వ్యాను డ్రైవరుకు మా సంగతి అర్థం కాలేదు. వెనక ఇన్ని బళ్ళు తన వల్ల ఆగిపోయాయని మొహమాటపడ్డట్టున్నాడు. పక్కకు జరిగి దారి ఇచ్చాడు. మేమూ అతని వెనకే పక్కకు జరిగాం. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "ఎల్పోండి బాబూ, ఎల్పోండి," అని అరిచాడు. ముందు రోడ్డంతా ఖాళీ. ఇంజన్లు నడక వేగంతో గురగురమంటున్నాయి. అతను చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఒక్కరూ దాటలేదు.