కదలొద్దన్న చేతులు

మా అక్క పత్తర్‌గట్టిలో ఒక చీరల దుకాణంలో పనిచేసేది. గిరాకీకి విప్పి చూపించిన చీరలను మళ్లీ మడతపెట్టడం ఆమె పని. పదిహేనేళ్లు అదే చేసింది. అందుకే ఇంట్లో కూడా ఆమె చేతులు ఊరుకోకపోతే మేమెవరమూ ఆశ్చర్యపోలేదు. మడతపెట్టిన తువ్వాలను విప్పి మళ్లీ మడిచేది. కొంగు అంచును వేళ్ల మధ్య నలిపేది. హుస్సేనీ ఆలంలోని మా రెండు గదుల ఇంట్లో వంటింటి నుంచి వాకిలి దాకా తిరుగుతూనే ఉండేది.

"దుకాణం ఇంటికి తెచ్చినవానే?" అని అమ్మ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

దిగులు పడ్డ మనిషి ఒక మూలన కూర్చుంటుందని మా నమ్మకం. అన్నం ముట్టదు, పలకరిస్తే పలకదు. ఇల్లంతా తిరిగే మనిషికి దిగులేమిటి? అమ్మకు తెలియదంటే సరే, నాకేమొచ్చింది? నేను ఆసుపత్రిలో ఈఈజీ తీసే టెక్నీషియన్ని. మనుషుల తలలకు పేస్టు రాసి, తీగలు అంటించి, మెదడులో పుట్టే అలలను తెర మీద గీతలుగా చూడటమే నా ఉద్యోగం.

నిద్ర పట్టడం లేదనీ, లోపలంతా గాబరాగా ఉందనీ అక్క పోరగా పోరగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఫిట్స్ లాంటిదేమైనా ఉందేమో చూద్దామని ఆయన ఈఈజీ రాశాడు. నేనే తీశాను. అక్క కుర్చీలో రెండు నిమిషాలు కుదురుగా కూర్చోలేదు. వేళ్లు నలుపుకుంటోంది, మడమ నేలకేసి కొడుతోంది. కదిలినప్పుడల్లా తెర మీద గీతలు చిందరవందర. మా పనిలో అది చెత్త కింద లెక్క.

"అక్కా, జర కదలకు. చేతులు తొడల కింద పెట్టుకొని కూసో, మంచిగొస్తది," అన్నాను విసుగ్గా. నిలకడ లేనివాళ్లందరికీ నేను చెప్పే చిట్కా అదే.

అక్క ఊపిరి బిగబట్టి అట్లాగే కూర్చుంది. దొరికిన కాసిని శుభ్రమైన గీతలు ఉంచి, మిగతావి తీసేశాను. పరీక్షప్పుడు రోగి ఎలా ఉన్నారో రాయడానికి రిపోర్టు కాగితం కింద ఒక గడి ఉంటుంది. ఒక్క నిమిషం కూడా కుదురుగా లేరని రాయాలి. కానీ నాతో పనిచేసేవాళ్లు అది చదువుతారు. సొంత అక్క గురించి అట్లా రాయడానికి సిగ్గేసింది. 'సహకరించారు' అని రాశాను.

తలకు అంటిన పేస్టు తుడుస్తుంటే అడిగింది: "నా గాబరా నీ మిషన్ల పడ్డదా?"

"ఏం పడలే. అంత నార్మలే. ఉత్తగనే ఫికర్ చేస్తున్నవ్."

ఆ యంత్రానికి దిగులు కనిపించదని నాకు తెలుసు. ఫిట్స్ లేవన్న మాటను, ఏ జబ్బూ లేదన్న మాటగా ఆమె చేతిలో పెట్టాను. కాగితం చూసి డాక్టరు నిద్రమాత్రలు రాసి పంపాడు.

కొన్నాళ్లకు అక్క తిరగడం మానేసింది. దుకాణం నుంచి రాగానే మంచం మీద కూర్చునేది, రెండు చేతులూ తొడల కింద. "మంచిగైంది పిల్ల," అని అమ్మ సంబరపడింది. నేనూ అదే అనుకున్నాను. దాదాపు ఏడాది అట్లా గడిచింది.

ఒక మధ్యాహ్నం దుకాణం సేటు ఫోన్ చేశాడు. అక్క ఒక చీర అంచంతా పోగులు పోగులుగా లాగేసి, నిలబడి ఏడుస్తోందట. ఈసారి వేరే ఆసుపత్రిలో ఒక మానసిక వైద్యురాలికి చూపించాం. ఆమె ఏ యంత్రమూ పెట్టలేదు. "చేతులు బయటికి తియ్యమ్మా," అంది. అక్క తీసింది. అరచేతుల నిండా గోళ్లు గుచ్చుకున్న గాట్లు.

కొందరిలో దిగులు మనిషిని కూర్చోనివ్వదనీ, మందులతో తగ్గుతుందనీ ఆమె చెప్పింది. తర్వాత అక్కను అడిగింది, ఇన్నాళ్లు ఎందుకు దాచావని.

అక్క నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"దాచలే మేడం. కదలకుండ కూసుంటే మంచిగొస్తదని మా చెల్లె చెప్పింది. గందుకే కూసున్న."