అంకితం పేజీలో ఫోటో

ఫైల్ పెద్దదంటూ యూనివర్సిటీ వెబ్‌సైట్ నా థీసిస్‌ను మళ్లీ మళ్లీ తిప్పికొట్టింది. విసుగెత్తి తార్నాక మెట్రో స్టేషన్ దగ్గరి ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లాను. అక్కడ పనిచేసే అతను పేజీలన్నీ చూసి, "అంకితం పేజీల మీ అమ్మ ఫోటోతోనే ఫైల్ పెద్దగైంది మేడం. గింత చిన్న ఫోటోను అంత పెద్దగ ఎందుకు స్కాన్ చేసిండ్రు?" అన్నాడు.

నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. మిగిలిన ఒకే ఒక్క ఫోటో, ఆమె పాత బస్‌పాస్ మీది. గడ్డం మీద పుట్టుమచ్చ ఉండేదని పెద్దమ్మ అంటుంది. అది కనిపిస్తుందేమోనని వీలైనంత పెద్దగా స్కాన్ చేశాను.

అతను సైజు తగ్గించి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టాడు. "చూడండి మేడం, ఏం ఖరాబ్ కాలే."

నిజమే. పుట్టుమచ్చ అందులోనూ లేదు, ఇందులోనూ లేదు.